తాత చూసిన దుప్పి

నవంబరు మూడో వారం వచ్చిందంటే చాలు, తెల్లవారుజామున మూడున్నరకే నాకు మెలకువ వచ్చేస్తుంది. నేను వేటగాణ్ణి కాదు. తుపాకి పట్టింది లేదు, పట్టాలనీ లేదు. అయినా ఆ వేళకి లేచి కిటికీ తెర కొంచెం తొలగించి పక్కింటి గరాజ్ వైపు చూడటం అలవాటైపోయింది. ఆ ఇల్లు ఇప్పుడు వేరేవాళ్ళది. గరాజ్ చీకటిగానే ఉంటుంది. పన్నెండేళ్ళపాటు మాత్రం, ఏటా ఈ శుక్రవారం ఆ వేళకి అక్కడ లైటు వెలిగేది. నారింజరంగు కోటు వేసుకున్న పెద్దాయన ఒక్కడే ట్రక్కులోకి సామాను ఎక్కించుకుంటూ కనిపించేవాడు. కాఫీ ఫ్లాస్కు, చేతులు వెచ్చబెట్టుకునే పొట్లాలు, బంగాళాదుంపల బస్తా, చివరగా పాత దుప్పట్లో చుట్టిన రైఫిలు. ఆ వరస ఏ ఏడాదీ మారలేదు.

మేం అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఓ క్లేర్ అనే ఊరికి 2004లో వచ్చాం. మా పాపకి అప్పుడు ఏడాది. పక్కింటాయన మొదటిరోజే కంచె దగ్గరికొచ్చి, తనని పేరు పెట్టే పిలవమన్నాడు. నాన్న వయసున్న మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. సర్ అంటే ఆయన ఒప్పుకోలేదు. ఏ పిలుపూ లేకుండానే కొన్ని నెలలు నెట్టుకొచ్చాను. మాటలొచ్చాక మా పాప ఆయన్ని చూసి "తాతా" అంది, ఇక ఇంటిల్లిపాదికీ ఆయన తాతే. ఆయన కూడా ఫోన్లో "టాటా మాట్లాడుతున్నా" అనేవాడు.

తాత ఊళ్ళో టైర్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. 1992లో అది మూతపడ్డాక స్కూలు బస్సు నడిపాడు. డబ్బున్నవాడు కాదు, పెద్దగా ఊళ్ళు తిరిగినవాడూ కాదు. జీవితంలో ఏం కావాలనుకున్నావని ఎవరైనా అడిగితే తడుముకోకుండా జవాబు చెప్పగలిగిన మనుషుల్ని నేను తక్కువమందిని చూశాను. వాళ్ళలో తాత ఒకడు. రికార్డు పుస్తకంలోకి ఎక్కేంత కొమ్ములున్న తెల్లతోక దుప్పి ఒక్కటి, ఒక్కసారి తన ఎదురుగా నిలబడాలి. ఆయన కోరిక అంతే.

ఇక్కడ తుపాకి వేట, నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు సాగుతుంది. ఆ రోజుల్లో ఈ ఒక్క రాష్ట్రంలోనే ఆరు లక్షలమందికి పైగా అడవుల్లోకి వెళ్ళేవారు. మా ఆఫీసు సగం ఖాళీ అయ్యేది. మొదటి ఏడాది నాకు ఏమీ అర్థం కాలేదు. మన దగ్గర సంక్రాంతికి ఊళ్ళకి పోయినట్టు, ప్లంబర్లు, నర్సులు, బడిలో వంటచేసే ఆవిడ, మా మేనేజరు, అందరూ ఒకే రోజు మాయమయ్యారు. తిరిగొచ్చాక అందరిదీ ఒకటే ప్రశ్న, ఏమైనా కనపడిందా అని. కొట్టావా అని అడిగేవాళ్ళు తక్కువ. ఆ తేడా నాకు తర్వాత బోధపడింది.

ఆ ఆదివారం సాయంత్రం తాత గరాజ్ వాసానికి దుప్పి వేలాడుతోంది. మా ఆవిడ చూసి గబుక్కున పాపని ఎత్తుకుని లోపలికొచ్చేసింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. ఆ కొమ్ములు చూస్తే మా ఊరి ఇల్లు కళ్ళ ముందుకొచ్చింది.

మాది ఆత్మకూరు దగ్గర పల్లె. ఇంటి వెనక చేలు, చేల వెనక నల్లమల. మా పడసాల గోడకి దుప్పి కొమ్ముల జత ఉండేది. మూడు మూడు మొనలవి, రెండువైపులా. ఒక మొనకి జేజినాయన కండువా, ఇంకోదానికి గొడుగు, కిందిదానికి లాంతరు. పండక్కి సున్నం వేసిన ప్రతిసారీ దాని నొసటి ఎముక కూడా ఇంకొంచెం తెల్లబడేది. అడవి జంతువుల వేటని కట్టడి చేస్తూ 1972లో చట్టం వచ్చింది. అంతకు ముందెప్పుడో జేజినాయన వాళ్ళ నాయన కొట్టిందట. "ఎంతుండె జేజినాయనా?" అంటే "ఎద్దంతుండెరా" అనేవాడు. ఇంకోసారి అడిగితే చేతులు రెండూ చాచి చూపించేవాడు, ఆ చేతులు ఏటికేడు ఇంకొంచెం దూరం జరిగేవి. మా ఊళ్ళో దుప్పికి కొలత అదే.

ఈ మాట చెబితే తాత శ్రద్ధగా విన్నాడు. లోపలికెళ్ళి పావు అంగుళం వెడల్పున్న సన్నటి స్టీలు టేపు తెచ్చాడు. "మా దగ్గర చేతులు చాస్తే ఒప్పుకోరు" అంటూ, వేలాడుతున్న ఆ చిన్న దుప్పి కొమ్ముల మీదే నాకు కొలవడం నేర్పాడు. మొదలు నుంచి చివరిదాకా ప్రధాన కొమ్ము పొడవు. దానిమీద లేచిన ఒక్కో మొన పొడవు. మొనకీ మొనకీ మధ్య చుట్టుకొలత, ఒక్కోవైపు నాలుగు చోట్ల. రెండు కొమ్ముల మధ్య లోపలి వెడల్పు. అంతా కూడి, కుడికీ ఎడమకీ ఉన్న తేడాలు తీసేయాలి. లెక్కంతా అంగుళంలో ఎనిమిదో వంతు దాకా. కొట్టిన వెంటనే కొలిస్తే చెల్లదు, 60 రోజులు ఆరాలి. ఆరేకొద్దీ కొమ్ము కాస్త కుంచించుకుపోతుంది.

ఆ లెక్క బూన్ అండ్ క్రాకెట్ అనే వేటగాళ్ళ క్లబ్బుది. థియొడోర్ రూజ్‌వెల్ట్ అధ్యక్షుడు కాకముందు, 1887లో స్నేహితులతో కలిసి పెట్టింది. ఇప్పుడు వాడే కొలత పద్ధతి 1950 నాటిది. కుడి ఎడమలు ఒద్దికగా పెరిగిన తెల్లతోక దుప్పి వాళ్ళ శాశ్వత రికార్డు పుస్తకంలోకి ఎక్కాలంటే 170 రావాలి. మేం కొలిచినదానికి 97 వచ్చింది. తాత దాన్ని నిరుత్సాహంగా ఏమీ చూడలేదు. మెడ నిమిరి, "మంచి మాంసం" అన్నాడు. మర్నాడు తెల్లకాగితంలో చుట్టి, మీద పెన్సిలుతో తేదీ, ఏ భాగమో రాసి రెండు పొట్లాలు మాకిచ్చాడు.

మా ఆవిడ రెండు రోజులు ఆ పొట్లాల్ని ఫ్రీజర్లో చూస్తూ గడిపింది. మూడోరోజు అల్లంవెల్లుల్లి దట్టించి, ధనియాలు, లవంగాలు వేయించి కొట్టి వేపుడు చేసింది. కొవ్వు లేని మాంసం, నూనె కాస్త ఎక్కువే పట్టింది. మరుసటి ఏడాదికి పచ్చడి పెట్టేదాకా వచ్చింది, మనం వేటమాంసం పచ్చడి పెట్టినట్టే. ఆ సీసా వేట కాబిన్‌కి వెళ్ళింది. అక్కడివాళ్ళు దాన్ని బ్రెడ్డు ముక్కల మీద పూసుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా వదలకుండా తిన్నారట. అప్పటినుంచి ఏటా అక్టోబరులో తాత కంచె దగ్గర ఆగి అడిగేవాడు, ఆ ఎర్ర సీసా ఉంటుందా అని.

తాత కాబిన్ బర్నెట్ కౌంటీలో, డాన్‌బరీ అనే చిన్న ఊరికి దగ్గర్లో. ఓ క్లేర్ నుంచి రెండున్నర గంటలు. వాళ్ళ నాన్న కట్టిన ఒంటిగది కొయ్య ఇల్లు, కట్టెల పొయ్యి, ఆరు మంచాలు. ఇసుకనేల, పొట్టి పైన్ చెట్లు, గిడసబారిన ఓక్ చెట్లు. గొప్ప వేట జరిగే చోటేం కాదు. పెద్ద కొమ్ములు కావాలంటే మిసిసిపీ పక్కన బఫెలో కౌంటీకి పొమ్మంటారు. అక్కడ మొక్కజొన్న తిని బలిసే దుప్పులు. తాత వెళ్ళలేదు. ఎందుకంటే ఒకనాటి ప్రపంచ రికార్డు ఈ డాన్‌బరీ దగ్గరే పుట్టింది.

ఆ కథ నేను పన్నెండుసార్లు విని ఉంటాను. ఏటా మాంసం కోసేటప్పుడు గరాజ్‌లో చెప్పేవాడు. మన హరిదాసులు కథ ఎత్తుకున్నట్టే, మొదటి వాక్యం ఎప్పుడూ అదే.

1914 నవంబరు. డాన్‌బరీ దగ్గర, యెల్లో రివర్ వెంబడి, జేమ్స్ జోర్డన్ అనే 22 ఏళ్ళ కుర్రాడు దుప్పిని కొట్టాడు. అంత పెద్దది అతనూ చూడలేదు, ఊరూ చూడలేదు. తలకి గడ్డికూరి నిలబెట్టి ఇస్తానన్న ఒకాయనకి 5 డాలర్లు ఇచ్చి అప్పజెప్పాడు. ఆయన ఊరు మారి మిన్నెసోటా వెళ్ళిపోయాడు. ఆయనతోపాటు తలా వెళ్ళిపోయింది. జోర్డన్ దాన్ని మళ్ళీ చూడటానికి సగం జీవితం పట్టింది. 1958లో మిన్నెసోటాలోని సాండ్‌స్టోన్‌లో, పాతసామాన్ల అమ్మకంలో ఒకాయన 3 డాలర్లకు ఆ కొమ్ములు కొనుక్కున్నాడు. 1964లో కొలిపిస్తే కొలిచినవాళ్ళకి కళ్ళు తిరిగాయి. కొన్నాయన జోర్డన్‌కి దూరపు చుట్టమే. కొమ్ములు చూడగానే ముసలాయన, ఇది నాదే అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1968లో అవి 1,500 డాలర్లకు చేతులు మారాయి. 1971లో 206 1/8తో ప్రపంచ రికార్డు అని ప్రకటించారు, కొట్టిందెవరో తెలియదని రాసుకున్నారు. జోర్డన్ చెబుతూనే ఉన్నాడు. చివరికి 1978 డిసెంబరులో, అవును ఆయన కొట్టిందే అని క్లబ్బు ఒప్పుకుంది.

ఇక్కడ తాత కత్తి పక్కన పెట్టేవాడు. "అక్టోబరులో పోయాడు" అనేవాడు. "రెండు నెలలు."

ఆ తర్వాత చాలాసేపు మాట్లాడేవాడు కాదు. అరవైనాలుగేళ్ళు ఒక మనిషి తను చూసిందీ చేసిందీ నిజమని చెప్పుకుంటూ బతికాడు, సాక్ష్యం పలికేవాళ్ళు లేరు. తాతకి ఆ రికార్డు అంకె కన్నా ఇదే గుచ్చుకునేది. నాకూ అంతే.

రెండో కథ కెనడాది. 1993 నవంబరు 23న సస్కాచ్వాన్ రాష్ట్రంలో బిగ్గర్ దగ్గర మిలో హాన్సన్ అనే రైతు, ఇరుగుపొరుగువాళ్ళతో కలిసి మంచులో జాడ పట్టి కొట్టిన దుప్పికి 213 5/8 వచ్చింది. ప్రధాన కొమ్ములు రెండూ 28 అంగుళాల పైమాటే. జోర్డన్ రికార్డు పోయింది. ఇన్నేళ్ళైనా హాన్సన్‌ది దాటినవాడు లేడు. తన కౌంటీ రికార్డు పోయినందుకు తాత ఆ ఏడాది బాధపడ్డాడట. కానీ కొట్టినవాడు రైతు అని, తన పొలాల్లో పక్కింటివాళ్ళతో వెళ్ళి కొట్టాడని తెలిశాక మనసు కుదుటపడిందట. ఇంకో సంగతి చెప్పేటప్పుడు ఆయన మొహం వెలిగిపోయేది. ఆ దుప్పిని ముందుగా చూసినవాళ్ళలో ఆ ఊరి స్కూలు బస్సు డ్రైవరు ఉన్నాడు!

డబ్బు పోసి కంచెల్లో పెంచిన దుప్పుల్ని కొట్టేవాళ్ళు ఈ దేశంలో ఉన్నారు. వాటి కొమ్ములు తలమీద పొద మొలిచినట్టుంటాయి. క్లబ్బు పుస్తకంలో వాటికి చోటు లేదు. స్వేచ్ఛగా తిరిగే జంతువై ఉండాలి, తప్పించుకునే దారి దానికి ఉండాలి. ఆ నియమం నాకు చాలా న్యాయంగా తోస్తుంది. కోటీశ్వరుడికీ బస్సు డ్రైవరుకీ ఒకే చలి, ఒకే అదృష్టం. వంకరటింకరగా పెరిగిన కొమ్ములది వేరే పట్టిక. అందులో అన్నిటికన్నా పెద్దది 333 7/8 వచ్చింది. 1981లో మిస్సోరీలో సెయింట్ లూయిస్ దగ్గర చచ్చి పడి ఉంటే దొరికింది. అన్నేళ్ళు బతికి ఎవరి తూటాకీ చిక్కలేదు. తాత దాని గురించి చెప్పేటప్పుడు టోపీ తీసేవాడు.

2009 మార్చిలో మమ్మల్ని కాబిన్‌కి తీసుకెళ్ళాడు. మగ దుప్పులు చలికాలం చివర్లో కొమ్ములు రాల్చేస్తాయి, ఏప్రిల్ నుంచి కొత్తవి మొలుస్తాయి. మంచు కరిగేవేళ ఆ రాలిన కొమ్ములు ఏరడం ఇక్కడ చాలామందికి ఇష్టం. ఆలస్యమైతే ఎలుకలూ ఉడతలూ సున్నపు సత్తువ కోసం వాటిని కొరికేస్తాయి. ఎండ తగిలే వాలులో మంచు విడిపోయి ఆకులు కనబడుతున్నాయి. ఆరేళ్ళ మా పాప ముందు పరిగెత్తుతోంది. కాసేపటికి అరిచింది.

"నాన్నా, కొమ్మ! పెద్ద కొమ్మ!"

ఎండుకొమ్మ అనుకుని నేను పట్టించుకోలేదు. తాత వెళ్ళి చూసి మోకాళ్ళమీద కూర్చుండిపోయాడు. కొమ్మ కాదమ్మా, కొమ్ము.

ఎడమ కొమ్ము. మొదట్లో నా మణికట్టంత లావు. రంగు లేత ఇటుకరంగు, మొనల దగ్గర దంతంలా తెలుపు. మొదలు చుట్టూ గజ్జెలు కట్టినట్టు గరుకు ముత్యాలు, వాటి సందుల్లో పైన్ బెరడు పొడి ఇంకా ఇరుక్కుని ఉంది. మొనలు ఆరు. తాత వాటిని బొటనవేలితో ఒక్కొక్కటీ తాకి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. జేబులోంచి టేపు తీస్తే చేతులు వణుకుతున్నాయి. పెద్ద దుప్పి ఎదురుపడితే వేటగాళ్ళకి వచ్చే ఆ వణుకుని ఇక్కడ బక్ ఫీవర్ అంటారు. రాలిన కొమ్ము చూసి వణికిన మనిషిని నేను ఆయన్నే చూశాను.

ప్రధాన కొమ్ము 26 2/8. అన్నీ కలిపి ఆ ఒక్కవైపే 85 2/8. రెండోవైపు కూడా అంతే అనుకుంటే 170 4/8. మధ్య వెడల్పు 20 అంగుళాలు వేసుకున్నా 190 దాటుతుంది. ప్రపంచ రికార్డు కాదు. కానీ అది కిందటేటి కొమ్ము. ఈ ఏడాదికి ఇంకెంత పెరుగుతుంది? తెల్లతోక దుప్పికి నిండు కొమ్ములు ఐదారేళ్ళకి గానీ రావు. చాలా దుప్పులు ఏడాదిన్నరకే తూటాకి పోతాయి. ఇది అన్నేళ్ళు నెగ్గుకొచ్చిందన్నమాట, అదీ తాత చిన్నప్పటినుంచి తిరిగిన అడవిలో, ఆయన కంట పడకుండా.

కుడికొమ్ము కోసం చీకటి పడేదాకా వెతికాం, దొరకలేదు. తాత కొమ్ముని మా పాప చేతిలో పెట్టి, "నీకు దొరికింది, నీదే. నేను కొన్నాళ్ళు దాచిపెడతాను" అన్నాడు.

ఆ నవంబరులో నన్ను రమ్మన్నాడు. 2009 నవంబరు 21, మొదటిరోజు. నాక్కూడా నారింజరంగు కోటూ టోపీ తొడిగి, వాలుకి ఎదురుగా ఇద్దరు కూర్చునే మంచె ఎక్కించాడు. అవును, మంచే. జొన్నచేలకి పందులు రాకుండా మా పొలంలో కట్టుకునేదే ఇక్కడ ఇనుప నిచ్చెనతో ఓక్ చెట్టుకి ఆనించి ఉంది. తాత ఒళ్ళో వాళ్ళ నాన్న థర్టీ-థర్టీ రైఫిలు. చీకటితో ఎక్కి కూర్చున్నాం. నేలమీద తెల్లటి నూగు. వెలుగు వచ్చేకొద్దీ దూరంగా తుపాకులు ఒకటీ రెండూ వినపడ్డాయి. ఉడత నడిస్తే మనిషి నడిచినంత చప్పుడు. మధ్యాహ్నం రెండు ఆడ దుప్పులు మా కిందనుంచే వెళ్ళాయి, వాటి ఊపిరి ఆవిరి కూడా కనబడింది. తాత కదల్లేదు. పదకొండు గంటల కూర్చోవడంలో ఆయన నాతో నాలుగు మాటలు మాట్లాడి ఉంటాడు. నాకు విసుగు రాలేదు. చిన్నప్పుడు జేజినాయన పక్కన రాత్రి కాపలా కూర్చున్న నిశ్శబ్దమే అది.

సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాలు దాటితే తుపాకి పేల్చకూడదని నియమం. తాత గడియారం చూసుకున్నాడు. వేళ దాటింది. మంచె దిగేముందు తూటాలు తీసేయాలి. లివరు మెల్లగా కదుపుతూ ఒక్కొక్కటే బయటికి తీశాడు. మూడు తూటాలు ఆయన అరచేతిలో ఉన్నాయి. వాటి ఇత్తడి మీద ఆకాశపు చివరి వెలుగు పడుతోంది.

అప్పుడు వచ్చింది.

వాలు పైనుంచి, చప్పుడు లేకుండా. ఎండుటాకుల మీద అంత పెద్ద జంతువు అలా ఎలా నడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు. ముందు కొమ్ములు కనిపించాయి, తర్వాత వాటి కింద తల. అరవై గజాలు ఉంటుందేమో. ఆగింది. తల ఎత్తి మా వైపే చూసింది. కొమ్ములు చెవులు దాటి అటూ ఇటూ బాగా బయటికి వచ్చి, మళ్ళీ ముందుకు వంగి ఉన్నాయి, దోసిలి పట్టినట్టు. నేను ఊపిరి బిగబట్టాను. ఎడమవైపు మొనలు లెక్కపెట్టాను, ఆరు. కుడివైపు లెక్క మొదలుపెట్టేసరికి చీకటి కలిసిపోతోంది.

తాత అరచెయ్యి ఇంకా తెరిచే ఉంది. మూడు తూటాలూ అలాగే ఉన్నాయి. ఒక్కటి లోపలికి తోయడానికి రెండు క్షణాలు చాలు. ఆ అడవిలో ఆ వేళకి గడియారం చూసేవాళ్ళు నేను తప్ప ఎవరూ లేరు. నేను చూసే మనిషినీ కాను. ఆయన వేళ్ళు ముడుచుకున్నాయి, తూటాలు జేబులోకి వెళ్ళాయి. దుప్పి ఒక్క ఊపుతో వెనక్కి తిరిగింది. తోక తెల్లజెండాలా పైకి లేచింది. ఆ తెలుపు మూడుసార్లు చెట్ల మధ్య ఎగిరి మాయమైంది.

చాలాసేపటికి తాత గొంతు పెగిలింది. "నువ్వు చూశావు కదా?"

"చూశాను తాతా."

"చెప్పు. ఏం చూశావో మొత్తం చెప్పు."

చెప్పాను. దారి పొడవునా చెప్పించుకున్నాడు. కాబిన్‌లో ఆయన బావమరిది, మేనల్లుడు, మరో ఇద్దరు ఉన్నారు. మొదటిరోజు రాత్రి దుప్పి గుండెని ఉల్లిపాయలతో వేయించుకోవడం వాళ్ళ ఆనవాయితీ. పెనం పొయ్యిమీద ఉంది. తాత ఏమీ తినకుండా కరెంటు బిల్లు వచ్చిన కవరు ఒకటి తెచ్చి, వెనకవైపు నన్ను బొమ్మ గీయమన్నాడు. గీశాను. కింద ఆయన తేదీ, వేళ రాశాడు. మొనలు ఎడమ 6 అని రాసి, కుడి దగ్గర ఆగాడు. తను ఏడు చూశానన్నాడు. నేను ఏడు చూడలేదు, లేదనీ చెప్పలేను. ఆయన 6 అని రాసి, పక్కన చిన్నగా 7 వేసి ప్రశ్నార్థకం పెట్టాడు. అంత నిక్కచ్చి మనిషి. చివర సాక్షి అని గీత గీసి పెన్సిలు నాకిచ్చాడు. ఎందుకో ఇంగ్లీషులో చెయ్యి రాలేదు. తెలుగులో సంతకం పెట్టాను. పెనం దగ్గరున్నాయన మంట తగ్గించి వచ్చి చూశాడు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ అనుమానపడలేదు.

మర్నాడు పొద్దున్న పెట్రోలు బంకు దగ్గరికి వెళ్ళాం. అప్పట్లో కొట్టిన ప్రతి దుప్పినీ అక్కడికి తెచ్చి నమోదు చేయించాలి. ట్రక్కుల వరస, వెనక తొట్లలో దుప్పులు, కాఫీ కప్పులు పట్టుకున్న జనం. లోహపు బిళ్ళ బిగించేవాడి చుట్టూ పిల్లలు. ఒక్కో కొమ్ము మీద ఒక్కో చెయ్యి. పదిహేనేళ్ళ అమ్మాయి తన మొదటి దుప్పితో నిలబడితే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు కూడా వచ్చి చెయ్యి కలిపారు. తాత కవరు తీసి చూపిస్తే గుంపు చేరింది. నన్ను చూపించి, "ఇతను చూశాడు" అన్నాడు. నన్ను నాలుగుసార్లు చెప్పించారు. 2015 నుంచి నమోదు ఫోన్లోనో కంప్యూటర్లోనో అయిపోతోంది. సౌకర్యమే. కానీ ఆ బంకు దగ్గర ఇప్పుడు ఎవరూ ఆగరు, ఎవరికి ఏం కనబడిందో ఎవరికీ తెలియదు. నాకు అది పెద్ద నష్టంగానే అనిపిస్తుంది.

ఆ దుప్పి మళ్ళీ కనబడలేదు. 2010లో చెట్లకి కెమెరాలు కట్టాం. ఆడవి, పిల్లలు, ఎలుగుబంటి, ఒకసారి తోడేలు. అది రాలేదు. ఎవరూ కొట్టినట్టు వినలేదు, కొట్టి ఉంటే ఆ కౌంటీలో దాగే సంగతి కాదు. 2011లో ఎనిమిది మొనల మంచి దుప్పి మంచె కిందకే వస్తే తాత వదిలేశాడు. మేనల్లుడు గొణిగాడు. ఇంట్లోకి మాంసం కోసం ఆడదాన్ని కొట్టేవాడు, ఒక్కోసారి దాన్ని పేదలకి సరుకులిచ్చే చోటికి పంపేవాడు. కొమ్ములున్నదాన్ని మాత్రం ఇక కొట్టలేదు. 2015లో నిచ్చెన ఎక్కడం కష్టమైంది. 2016లో కాబిన్ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఒళ్ళో ఆ ఎడమకొమ్ము పెట్టుకుని తొమ్మిది రోజులూ కూర్చున్నాడట. నేను ఆ ఏడాది ఇండియాలో ఉన్నాను. ఫోన్ చేస్తే, "ఈ పాటికి దానికీ నా వయసు వచ్చి ఉంటుంది" అన్నాడు.

2017 ఫిబ్రవరిలో పోయాడు. వాళ్ళమ్మాయి కొమ్ముని పాతపేపర్లో చుట్టి మా ఇంటికి తెచ్చిచ్చింది. మీద పెన్సిలుతో మా పాప పేరు రాసి ఉంది. పాపకి అప్పటికి పద్నాలుగు. కొమ్ముని గోడకి కొడదామంటే ఒప్పుకోలేదు, తన చదువుకునే బల్లమీదే ఉంచుకుంది. ఇప్పుడు తను వేరే ఊళ్ళో ఉంటోంది, కొమ్ము తనతోనే ఉంది.

తాత పోయిన ఏడాది నవంబరులో ఆయన మేనల్లుడు ఫోన్ చేసి రమ్మన్నాడు. ఎర్ర సీసా తీసుకుని వెళ్ళాను. కాబిన్‌లో ఏమీ మారలేదు. పొయ్యి పక్క దూలానికి తాత నాన్నగారి పాత లైసెన్సులు వరసగా మేకులకి ఉన్నాయి. వాటి చివర అద్దం బిగించిన చట్రంలో ఆ కవరు. బొమ్మ మీద నూనె మరక ఒకటి. ప్రశ్నార్థకం అలాగే ఉంది. కింద నా తెలుగు సంతకం.

మేనల్లుడి కొడుక్కి పన్నెండేళ్ళు, మొదటి వేట. పెద్దవాళ్ళు పడుకున్నాక నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఈ అక్షరాలు మీవేనా?"

"నావే."

"కుడివైపు ఆరా, ఏడా?"

"ఆరు దాకా నేను చూశాను. ఏడోది మీ తాత చూశాడు."

వాడు చాలాసేపు బొమ్మనే చూశాడు. తర్వాత బూట్లు తొడుక్కున్నాడు. అది సరిగ్గా ఎక్కడ నిలబడిందో చూపించమన్నాడు. టార్చిలైటు తీసుకుని ఇద్దరం తలుపు చప్పుడు కాకుండా వేసి, వాలు వైపు నడిచాం.